అరువు తెచ్చిన దరువు

పోచంపాడ్ నుంచి బోధన్ దాకా ఈ రోజుల్లో ఏ పెళ్లి బరాత్ కదిలినా, ఏ వినాయకుడు నిమజ్జనానికి బయల్దేరినా ముందు నడిచేది ప్యాడ్ బ్యాండు. బండి మీద స్పీకర్లు, వెనక జనరేటరు, వాయించే కుర్రవాడి ముందు నల్లటి రబ్బరు పలకలున్న చిన్న పెట్టె. ఒక పలక మీద కర్ర పడితే డప్పు మోగుతుంది. పక్క పలక మీద పడితే చాటల్ మోగుతుంది. ఇంకోదాని మీద పడితే ఈల. అక్కడ తోలు లేదు, దాన్ని మంట మీద కాచే పని లేదు, వాన పడితే గొంతు పోతుందన్న భయమూ లేదు. మరి మోగేదేమిటి? ఎప్పుడో, ఎక్కడో, ఒక మనిషి నిజమైన డప్పు మీద కొట్టిన దెబ్బ. దాన్ని రికార్డు చేసి, ముక్కగా కోసి, పెట్టెలో దాచారు. ఈ పనినే సంగీత ప్రపంచంలో శాంప్లింగ్ అంటారు. హిప్ హాప్ అనే సంగీతం చాలావరకు దీని మీదే నిలబడింది. అది అమెరికా పిల్లల గోల, మనకెందుకు అనుకునేవాళ్లు సైతం తమ ఇంటి పెళ్లిలో శాంప్లింగ్‌కే చిందేస్తున్నారు. ఈ సంగీతం మీద అభిమానంతో మాట్లాడుతున్నాను కాబట్టి నా వాదన మొదట్లోనే చెప్పేస్తాను. శాంప్లింగ్ అప్పు లాంటి పని. అప్పు తేవడం నేరం కాదు, దానితో మంచి ఇల్లు కట్టినవాళ్లున్నారు. అయితే ఎవరి దగ్గర తెచ్చామో నోరు తెరిచి చెప్పాలి. హిప్ హాప్‌ను తిట్టేవాళ్లు మొదటి సంగతి మరిచిపోతారు, దాన్ని ప్రేమించేవాళ్లు రెండోది మరిచిపోతారు.

ముందు పుట్టుక సంగతి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ పేటలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు అపార్ట్‌మెంటులో ఒక చిన్న పార్టీ జరిగింది. రికార్డులు వేసినవాడు క్లైవ్ క్యాంప్‌బెల్, పేటలో పిలిచే పేరు కూల్ హెర్క్. జమైకాలో పుట్టి, పన్నెండేళ్ల వయసులో తల్లిదండ్రుల వెంట వలస వచ్చిన కుర్రవాడు. జమైకాలో వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులు వేసే సౌండ్ సిస్టమ్ ఆనవాయితీ ఉంది, ఆ చెవి అతనితో పాటే వచ్చింది. హెర్క్ ఒక విషయం గమనించాడు. పాటలో పల్లవి, చరణం నడిచేటప్పుడు జనం ఊరికే ఊగుతున్నారు. అన్ని వాద్యాలూ ఆగి డ్రమ్ములు మాత్రమే మిగిలే ఆ కొద్ది సెకన్లలో మాత్రం నేల అదిరేటట్టు ఆడుతున్నారు. ఆ కొద్ది సెకన్లను ఎలా సాగదీయాలి? ఒకే రికార్డు రెండు కాపీలు తెచ్చి, రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదానిలో డ్రమ్ము ముగిసేలోగా రెండోదానిలో అదే చోటు మొదలుపెట్టాడు. మళ్లీ దీన్ని వెనక్కి తిప్పాడు. జేమ్స్ బ్రౌన్ పాటలో కొన్ని సెకన్ల దరువు నిమిషాల తరబడి నడిచింది. హిప్ హాప్ అక్కడ మొదలైంది. ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. ఆ పేటలో వాద్యాలు కొనే స్తోమత ఉన్న ఇళ్లు తక్కువ. పేట మధ్య నుంచి హైవే వేయడంతో కుటుంబాలు చెదిరిపోయాయి, ఇళ్లు కాలిపోతున్నాయి. ఆ పిల్లల దగ్గర మిగిలిన వాద్యం పెద్దవాళ్ల రికార్డుల పెట్టె ఒక్కటే. దాన్నే వాయించారు.

తర్వాత యంత్రాలు వచ్చాయి. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే యంత్రం మొత్తం పది సెకన్ల శబ్దాన్ని మాత్రమే దాచగలిగేది. పది సెకన్లలో ఒక పాటకు కావలసిన డ్రమ్ములు, బేస్, బాకాల ముక్కలు అన్నీ ఇరికించాలి. ఆ ఇబ్బందికి కుర్రవాళ్లు కనిపెట్టిన ఉపాయం చూడండి. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి ఎక్కించేవాళ్లు, అప్పుడు తక్కువ చోటు పడుతుంది. యంత్రంలోకి వెళ్లాక మళ్లీ నెమ్మది చేసేవాళ్లు. ఈ తిప్పలో శబ్దం కొంచెం గరుకెక్కేది. ఆ గరుకే ఆనాటి హిప్ హాప్‌కు ముద్ర అయింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పెట్టుకుని అదే గరుకును కృత్రిమంగా తెచ్చుకుంటున్నారు, అది వేరే తమాషా.

ఇక్కడే మొదటి ఆక్షేపణ వస్తుంది. వేరేవాడు వాయించినదాన్ని కోసి అతికిస్తే సంగీతకారుడెలా అవుతాడు, సరిగమలు రానివాడి సోమరి పని కదా అంటారు. దీనికి జవాబుగా ఒక్క పాటను కొంచెం నిదానంగా చూద్దాం. 1992లో పీట్ రాక్, సీఎల్ స్మూత్ అనే జంట ఒక పాట చేశారు. వాళ్ల స్నేహితుడు ట్రాయ్ డిక్సన్ అనే నర్తకుడు 1990లో ప్రమాదవశాత్తు కిందపడి చనిపోయాడు, అతని స్మృతిలో చేసిన పాట అది. పీట్ రాక్ దానికి ఎంచుకున్న ముక్క టామ్ స్కాట్ అనే జాజ్ కళాకారుడి 1967 నాటి రికార్డులోని శాక్సఫోన్. ఆ రికార్డు కూడా సొంత పాట కాదు, జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అనే రాక్ బృందం అదే ఏడాది పాడిన ఒక ప్రేమగీతానికి జాజ్ రూపం. అంటే ఒక ప్రేమపాట జాజ్ అయింది. పాతికేళ్ల తర్వాత ఆ జాజ్‌లో ఒక మూల వినబడే శాక్సఫోన్ పలుకు, చనిపోయిన స్నేహితుడి కోసం ఏడుపు అయింది. అసలు రికార్డు మొదటినుంచి చివరిదాకా వింటే ఆ పలుకు వచ్చి పోతుంది, ఎవరి చెవికీ ప్రత్యేకంగా ఆనదు. వేల రికార్డుల్లో ఆ ఒక్కదాన్ని, ఆ ఒక్కదానిలో ఆ కొద్ది సెకన్లను పట్టుకోవడానికి ఎన్ని వేల గంటలు విని ఉండాలి? ఆ పలుకులో దుఃఖం ఉందని, వాయించినాయన కూడా అనుకోని దుఃఖం ఉందని గుర్తుపట్టడానికి ఎలాంటి చెవి కావాలి? సంగీతంలో చేతిపని ఎంతో చెవిపని అంత. శాంప్లింగ్ చెవిపనిని కళగా మార్చింది. సోమరులు లేరని కాదు. హిట్టయిన పాట పల్లవిని ఎత్తి కింద డ్రమ్ము పెట్టి వదిలేవాళ్లు బోలెడుమంది. కానీ ప్రాస కుదిర్చినంత మాత్రాన కవి అయిపోయినవాళ్లను చూసి మనం పద్యాన్నే తప్పు పట్టం కదా.

రెండో ఆక్షేపణ దొంగతనం. ఇది బరువైనది, తేలిగ్గా తీసేయడానికి లేదు. మన సంప్రదాయం సంగతి ముందు చూద్దాం. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లు ప్రతి ఏటా కొత్త బాణీ కడతారా? ఉయ్యాలో అన్న ఒకే నడక మీద పురాణకథ నడుస్తుంది, ఊరి కరువు నడుస్తుంది, తెలంగాణ ఉద్యమ కాలంలో ఉద్యమం నడిచింది. గద్దర్ పాటల్లో జానపదుల నడక ఉంది, ఒగ్గుకథ ఒరవడి ఉంది. అంతకుముందు సుద్దాల హనుమంతు కాలంలోనూ పల్లె బాణీలే పోరాటపాటలయ్యాయి. చదువుకున్నవాళ్ల సాహిత్యంలో కూడా అంతే. అవధానంలో సమస్యగా ఒక పాదం ఇచ్చేది పృచ్ఛకుడు, మిగతా మూడు పాదాలు కట్టేది అవధాని. పరాయివాడి పాదం పద్యంలో ఉందని అవధానిని ఎవరూ దొంగ అనలేదు. పైగా ఆ పాదం అర్థాన్నే తిప్పేశాడని చప్పట్లు కొట్టారు. పీట్ రాక్ చేసినది ఇదే. కాబట్టి ఉన్నదాన్ని తీసుకుని కొత్తది కట్టడం తెలుగువాడి చెవికి వింత కానేకాదు, తప్పుగా తోచవలసిన పని అంతకంటే కాదు.

అయితే ఈ పోలికతో సంతృప్తి పడి ఊరుకునే హిప్ హాప్ అభిమానులతో నాకు పేచీ ఉంది. బాణీ ఊరిది. దాన్ని ఎవరు కట్టారో తెలియదు, ఎంతమంది పాడితే అంత పెరుగుతుంది. శాంపిల్ అలా కాదు. శాంపిల్‌లో ఉండేది బాణీ కాదు, ఒక మనిషి చేయి. ఫలానా రోజు, ఫలానా గదిలో, ఫలానా మనిషి కొట్టిన దెబ్బ. 1969లో ది విన్‌స్టన్స్ అనే చిన్న బృందం ఒక రికార్డు వేసింది. దాని రెండోవైపున ఆమెన్ బ్రదర్ అనే పాట ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పాట మధ్యలో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ ఒంటరిగా ఆరేడు సెకన్లు వాయించాడు. ఆ ఆరేడు సెకన్ల మీద వేల పాటలు పుట్టాయి. ఎన్‌డబ్ల్యూఏ బృందం 1988 నాటి ప్రసిద్ధ గీతం అందులో ఒకటి. ఇంగ్లండులో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత శాఖలే దాని మీద నిలిచాయి. కోల్‌మన్‌కు దాని మీద ఏమీ ముట్టలేదు. 2006లో ఇల్లూవాకిలీ లేని స్థితిలో చనిపోయాడు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో అభిమానులు చందాలు పోగుచేసి సుమారు 24 వేల పౌండ్లు ఇచ్చారు. అప్పటికి కోల్‌మన్ పోయి తొమ్మిదేళ్లు. జేమ్స్ బ్రౌన్ బృందంలో వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కథా అంతే. 1970లో విడుదలైన ఫంకీ డ్రమ్మర్ పాటలో ఆయన దరువు లేకుండా ఎనభైల చివరి హిప్ హాప్‌ను ఊహించలేం. పాట రాసినవాడిగా కాగితం మీద జేమ్స్ బ్రౌన్ పేరే ఉంది. డ్రమ్ము కొట్టడాన్ని రచన కింద ఎవరూ లెక్కపెట్టలేదు. స్టబుల్‌ఫీల్డ్ 2017లో కన్నుమూశాడు.

అప్పుడు చట్టం ఏం చేసింది అని అడగవచ్చు. చేసింది, గట్టిగానే చేసింది. 1991లో న్యూయార్క్ జడ్జి ఒకాయన బిజ్ మార్కీ అనే రాపర్ మీద ఇచ్చిన తీర్పును దొంగతనం చేయరాదన్న బైబిల్ ఆజ్ఞతో మొదలుపెట్టాడు. 2005లో సిన్సినాటి అప్పీలు కోర్టు రెండు సెకన్ల గిటార్ ముక్కకు సైతం అనుమతి ఉండాల్సిందే అన్నది. ఫలితం ఏమిటి? వంద ముక్కలతో ఒక ఆల్బమ్ అల్లే కళ దాదాపు ఆగిపోయింది. డి లా సోల్ అనే బృందం 1989లో చేసిన మొదటి ఆల్బమ్, ఈ చిక్కుముళ్లు విప్పలేక 2023 మార్చి దాకా స్ట్రీమింగ్ సేవల్లో దొరకనేలేదు. డబ్బున్న రాపర్లు అనుమతులు కొనుక్కున్నారు, లేనివాళ్లు శాంప్లింగ్ మానుకున్నారు. సరే, ఆ కొన్న డబ్బు డ్రమ్మర్లకు వెళ్లిందా? వెళ్లలేదు. రికార్డు హక్కులున్న కంపెనీకి, కాగితం మీద పేరున్న రచయితకు వెళ్లింది. అంటే చట్టం అప్పు వసూలు చేసింది గానీ, అప్పిచ్చినవాడికి కాదు, మధ్యలో పత్రాలు పట్టుకున్నవాడికి ఇచ్చింది. శాంప్లింగ్‌ను దొంగతనం అనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి.

ఈ వ్యవహారం మన పాటల దాకా వచ్చిన తీరు ఇంకా ఆసక్తికరం. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికన్ గాయని పాట ఒకటి పెద్ద హిట్టయింది. దాని వెనక మొదటినుంచి చివరిదాకా వినబడేది లతా మంగేష్కర్ గొంతు, 1981 నాటి జ్యోతి అనే హిందీ సినిమా పాట. సంగీతం బప్పీ లాహిరి. సరేగమ కంపెనీ 50 కోట్ల డాలర్లు కావాలని దావా వేసింది. 2003లో లాస్ ఏంజెలెస్ కోర్టు, బప్పీ లాహిరి పేరు వేయకుండా ఆ సీడీలు అమ్మవద్దన్నది. గమనించండి, కోర్టు ముందుగా అడిగినది పేరు. బప్పీ లాహిరి స్వయంగా విదేశీ బాణీలు ఎత్తుతాడన్న విమర్శ జీవితాంతం మోసినవాడు కావడం కథలో చిన్న మెలిక. మన వాళ్లకు ఆయన గ్యాంగ్ లీడర్ సంగీత దర్శకుడిగా బాగా తెలుసు. ఇక ఇళయరాజా. బ్లాక్ ఐడ్ పీస్ బృందం 2003లో ఆయన శ్రీ రాఘవేంద్ర సినిమా పాటను తీసుకుంది. శ్రీలంక తమిళ మూలాలున్న ఎం.ఐ.ఎ. అనే గాయని 2007లో, తెలుగులో దళపతిగా వచ్చిన సినిమాలోని ఇద్దరు స్నేహితుల పండగ పాట డప్పులను తన ఆల్బమ్ మొదటి పాటకు పునాదిగా వేసుకుంది. ఆ పాట లండన్‌లో వింటే పిల్లలకు కొత్త శబ్దం. ఇక్కడ వింటే, ఆ తాళవాద్యాల గుంపు స్టూడియోలో ఒకేసారి కూర్చుని వాయించిన సంగతి చెవికి తెలిసిపోతుంది. ఇళయరాజా పేరు ప్రపంచమంతా పలికింది, సంతోషం. ఆ రోజు ఆ గదిలో డప్పు పట్టినవాళ్లెవరు? పాట కవరు మీద లేదు. అమెరికాలో కోల్‌మన్‌కు జరిగినది మన దగ్గర నిత్యం జరిగే పనే, కాకపోతే మనం దాన్ని సమస్యగా కూడా గుర్తించలేదు.

మన సినిమావాళ్లు పాత పాటలతో చేసే పని మాటేమిటి? గ్యాంగ్ లీడర్‌లోని వాన పాట 2012లో రచ్చలో మళ్లీ వచ్చింది. ఘరానా మొగుడులోని కోడిపెట్ట 2009లో మగధీరలోకి నడిచింది. కొండవీటి దొంగ శుభలేఖ 2013లో నాయక్‌లో తేలింది. మూడూ ఒక హీరో పాటలకు ఆయన కొడుకు ఆడినవే. వీటిని రీమిక్స్ అంటున్నాం గానీ ఇవి శాంప్లింగ్ కావు. బాణీ, మాటలు తీసుకుని కొత్త గొంతులతో, కొత్త వాద్యాలతో మళ్లీ కట్టినవి. అందుకే నాకు వీటిలో రుచి తగ్గుతుంది. పాత పాటలో మనం ప్రేమించేది బాణీని మాత్రమే కాదు. బాలసుబ్రహ్మణ్యం నవ్వుతూ విరిచిన ఆ ఒక్క అక్షరాన్ని, చిత్ర గొంతు అందుకున్న తీరును, వెనక మోగిన డోలక్‌ను. శాంప్లింగ్ చేసేవాడు ఆ అక్షరాన్నే కోసి తెస్తాడు. వాడికి బాణీ కంటే మనిషి ముఖ్యం. శాంప్లింగ్ చేతివాటం అంటారు, నిజానికి పాత కళాకారుడి మీద గౌరవం రీమిక్స్‌లో కంటే శాంపిల్‌లోనే ఎక్కువ. అసలు మనిషి లేకుండా ఆ పాట లేదని ఒప్పుకునే పద్ధతి అది. 2017లో ఇళయరాజా తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని బాలుకే నోటీసు ఇచ్చినప్పుడు దేశమంతా ఎవరిది ఒప్పు అని వాదులాడుకుంది. ఆ వాదనలో స్వరకర్త ఉన్నాడు, గాయకుడు ఉన్నాడు, కంపెనీ ఉంది. వేణువు వాయించినాయన ఊసు ఎవరూ ఎత్తలేదు. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం గీత రచయితకూ స్వరకర్తకూ రాయల్టీ హక్కును కంపెనీలకు రాసివ్వలేనంత గట్టిగా ఇచ్చింది. ప్రదర్శకులకూ వాటా ఉందన్నది. వాద్యకారుడూ చట్టం దృష్టిలో ప్రదర్శకుడే. కానీ పేరే నమోదు కాని మనిషికి ఆ వాటా ఏ చిరునామాకు పంపాలి?

ఇదంతా సరే, అసలు ఈ నల్లవాళ్ల సంగీతం మనకెందుకు అనే మాట ఇంకా మిగిలి ఉంది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. ఆ రెండక్షరాలు ఆఫ్రికన్ కావల్రీ అనే మాటలకు పొట్టి రూపం. వనపర్తి సంస్థానంలోని ఆఫ్రికా అంగరక్షకుల దళం నిజాం కొలువులోకి వచ్చి, ఆ సిద్దీ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. వాళ్లూ, అరబ్బు దేశం నుంచి వచ్చిన చావుష్‌లూ కలిసి వాయించినదే మర్ఫా. ఈ రోజు తెలంగాణలో బోనాలైనా, బరాత్ అయినా, ఎన్నికల ఊరేగింపైనా కాలు ఆగనివ్వని తీన్మార్ ఆ మర్ఫా ఇంటి దరువే. అమెరికాకు బానిసలుగా తీసుకుపోబడినవాళ్ల మునిమనవలు బ్రాంక్స్‌లో ఏం చేశారో, నిజాం సైన్యంలోకి వచ్చినవాళ్ల మునిమనవలు మన గల్లీల్లో ఇంచుమించు అదే చేశారు. కాబట్టి నిజామాబాదు కుర్రవాడికి హిప్ హాప్ దూరపు చుట్టం కూడా కాదు, దగ్గరి చుట్టమే. మాటల వైపు నుంచి చూసినా ఇది ఈ మధ్య దిగుమతి అయినది కాదు. 1994లో ప్రేమికుడు సినిమాలోని పేట రాప్‌ను పల్లెల్లో పిల్లలు సైతం అప్పజెప్పారు. బాబా సెహగల్ 1992లో చేసిన చల్లటి నీళ్ల పాట వెనక వెనిల్లా ఐస్ 1990 పాట ఉంది, దాని వెనక క్వీన్, డేవిడ్ బౌవీ 1981లో కలిసి చేసిన పాట బేస్ ఉంది. అదే బాబా సెహగల్ తర్వాత జల్సా పాట తెలుగులో పాడాడు. ఆర్మూరు, బాల్కొండ వైపు నుంచి దుబాయి, మస్కట్ పోయినవాళ్లు తెచ్చిన టేప్ రికార్డర్లలో తొంభైల నాటి ఆ పాటలు మోగాయి. నిజామాబాదు ఖిల్లా జైలులో దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యం రాశారన్నది జిల్లాలో అందరికీ తెలిసిన సంగతే. గోడల మీద రాయడం హిప్ హాప్‌లో ఒక అంగం కదా అని జిల్లా పిల్లలు గర్వంగా అంటే నేను కాదనను.

మన ఊళ్లలో డీజే పాటలు చేసే కుర్రవాళ్లను నేను తక్కువ చేయను. రోడ్ షో మిక్స్, తీన్మార్ మిక్స్, చాటల్ బ్యాండ్ మిక్స్ అంటూ వాళ్లు తయారు చేసేది నిక్కమైన శాంప్లింగ్. ఒక సాధారణ కంప్యూటర్ మీద జానపద గాయని గొంతును విడదీసి, వేగం పెంచి, దాని కింద దరువు కూర్చడం చిన్న నేర్పు కాదు. కానీ ఆ పాటలు వినండి. ప్రతి ముప్పై సెకన్లకూ డీజే ఫలానా, డీజే ఫలానా అని ఒక గొంతు అరుస్తుంది, పాట ముగిసేలోగా ఆ పేరు పదిసార్లు వస్తుంది. పాడిన ఆవిడ పేరు ఒక్కసారి కూడా రాదు. నా అభ్యంతరం అంతా ఇక్కడే. హోరు మీద నాకు పెద్ద పట్టింపు లేదు. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారంటే దానికి కారణం గుండె జబ్బు మనుషులు, నిద్రలేని పసిపిల్లలు. అది సౌండ్ ఎంత పెట్టాలన్న పంచాయితీ, సంగీతం మంచిచెడ్డలది కాదు. మరి రాప్‌లో బూతు, ఆడవాళ్లను చులకన చేయడం? ఉంది. సమర్థించను. అదే రూపంలో తెలుగు రాపర్ రోల్ రైడా అరుపు అనే పాటను ఆడపిల్లల మీద జరిగే హింసకు వ్యతిరేకంగా చేశాడు. రూపాన్ని తప్పుపడితే అది కూడా పోతుంది.

తెలుగు హిప్ హాప్‌కు ఇప్పుడు గొంతులున్నాయి. యాస కూడా ఉంది. బాన్సువాడలో కథ పెట్టి 2017లో ఫిదా తీసినప్పటినుంచి తెలంగాణ యాసకు సినిమాలో సిగ్గు పోయింది. లేనిదల్లా సొంత శబ్దం. మన రాపర్లు చాలామంది ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే అమెరికా తరహా బీట్ల మీద తెలంగాణ మాటలు పాడుతున్నారు. ఇది తలకిందులు వ్యవహారం. బ్రాంక్స్ పిల్లలు తమ ఇంటి రికార్డుల పెట్టెను తెరిచారు. మన ఇంటి పెట్టెలో ఏముంది? బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో బతికిన చిందుల ఎల్లమ్మ గొంతు ఉంది, మగవేషాల్లో రంగస్థలాన్ని గడగడలాడించిన గొంతు. ఒగ్గు డోళ్లున్నాయి. దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర ఉంది, దాన్ని భీమ్లా నాయక్‌లో వాడుకున్నప్పుడు ఆయన పేరు, ముఖం జనానికి తెలిశాయి. ఆ మర్యాద జరగొచ్చని అక్కడ రుజువైంది. జరగకపోతే ఏమవుతుందో 2021లో సారంగదరియా పాట చెప్పింది. సినిమా పాట జనంలో మారుమోగాక, ఈ పాటను వెలికి తెచ్చి పాడినది నేను అని కోమలి అనే జానపద గాయని ముందుకు వచ్చింది. పల్లవి జానపదులదే, చరణాలు నావి అని సినిమా పాట రాసిన సుద్దాల అశోక్ తేజ అన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. సేకరించిన మనిషి పేరు ఎక్కడ వేయాలన్న ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే పంచాయితీ పుట్టేదే కాదు.

డబ్బు సంగతి వచ్చేసరికి కుర్రవాళ్లు చేతులెత్తేస్తారు. కంపెనీ అడిగినంత ఇవ్వలేం, మరి ఊరుకోవాలా అంటారు. ఊరుకోవద్దు. సినిమా పాటను వదిలి, తమ ఊరి డప్పు కళాకారుడి దగ్గరికి పోయి, ఒక పూట కూలి కట్టి రికార్డు చేసుకోవచ్చు. అప్పుడు హక్కుల కాగితం ఇద్దరి మధ్యే ఉంటుంది, పాట ఆడితే వాటా ఎంతో అందులోనే రాసుకోవచ్చు. పేరు చెప్పడానికి మాత్రం ఎవరి అనుమతీ, ఏ కోర్టూ అక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో రేడియో కొంత నయం. ఆకాశవాణిలో గాత్ర కచేరీ వేసేముందు వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు, చివరికి తంబూరా ఎవరో కూడా చదువుతారు. సినిమా పాట దగ్గరికి వచ్చేసరికి రేడియోవాళ్లం మేమూ చిత్రం పేరు, గాయకుల పేర్లు, రచన, సంగీతం చెప్పి ఆపేస్తాం, ఎందుకంటే మాకు అందే కాగితంలో అంతకంటే ఉండదు. డీజే కుర్రవాడి చేతిలో ఆ కాగితం లేదు, రాసుకునేది అతనే. పాటలో తన పేరు పదిసార్లు అరిపించుకునేవాడు అందులో ఒకటి తగ్గించి, ఆ డప్పు కొట్టినవాడి పేరు, ఊరు పలికించవచ్చు.